నాలుగో రోజు జ్వరంతో బెజవాడకి

అవనిగడ్డలో బస్సెక్కేటప్పటికి బావగారి ఒళ్లు చల్లగానే ఉంది. సాయంత్రానికి మళ్లీ కాలిపోతుందని మాత్రం మా ఇద్దరికీ తెలుసు. ఒకరోజు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, ఆపైన చెమటలు, తర్వాత రెండు రోజులు ఏమీ ఎరగనట్టు ఉండటం, నాలుగో రోజు మళ్లీ అదే వేళకి చలి. ఊళ్లో డాక్టరు టైఫాయిడ్‌కి మందులిచ్చారు, డెంగీ పరీక్షా చేయించారు. వేలు గుచ్చి చేసే మలేరియా కిట్‌లో ఏమీ తేలలేదు.

మోపిదేవి, చల్లపల్లి దాటాం. రోడ్డుకి రెండు పక్కలా వరి కోతలు. కూచిపూడి దగ్గర అడిగాను.

"జయపురంలో పనిచేసొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పారా బావగారూ?"

"ఆయన అడగలేదయ్యా. అయినా అక్కణ్ణుంచి వచ్చి ఎన్ని నెలలైంది!"

ఆయన ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో కరెంటు టవర్లు నిలబెట్టే పనికి వెళ్లొచ్చారు. మన డెల్టాలో కాలవలకీ దోమలకీ లోటు లేదు గానీ, మలేరియాకి దోమ ఒక్కటే చాలదు, రక్తంలో ఆ క్రిమి ఉన్న మనిషీ కావాలి. కోరాపుట్‌లో రెండూ ఉన్నాయి. పారే కొండవాగుల్లో పెరిగే ఫ్లువియాటిలిస్ దోమ అక్కడ పేరుమోసింది. 1989లో పుదుచ్చేరి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ పరిశోధకులు ఒవేల్ అనే అరుదైన మలేరియా క్రిమి రకాన్ని ఆ జిల్లాలోనే గుర్తించినట్టు ప్రకటించారు.

పామర్రులో టీ తాగి, ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక నెమ్మదించి, కంకిపాడు, పోరంకి మీదుగా బెంజి సర్కిల్ చేరేసరికి ఎండ ముదిరింది. ఆటోలో గుణదల వైపు, సర్కారు పెద్దాసుపత్రికి వెళ్లాం. ఓపీ చీటీ, వరస, బెంచీ. అక్కడ కూర్చున్న యువ డాక్టరమ్మ మొదట అడిగిన మాటే, "ఈమధ్య ఏ ఊళ్లు తిరిగారండీ?" అని. ఆ ఒక్క ప్రశ్న ముందే ఎవరైనా వేసుంటే బావగారి ఒంట్లో ఇంత రక్తం తగ్గేది కాదు.

సాయంత్రం వణుకు మొదలవుతుండగా ల్యాబ్‌లో రక్తం తీశారు. గాజుపలక మీద ఒక దళసరి చుక్క, ఒక పల్చని పూత. మొదటి స్లైడులో ఏమీ దొరకలేదు. ఇలా నాలుగో రోజు జ్వరం తెచ్చే రకం క్రిములు రక్తంలో బాగా తక్కువగా ఉంటాయట, అందుకే ఆ టెక్నీషియన్ విసుక్కోకుండా ఇంకోటి తీశాడు. పాడేరు ఏజెన్సీలో ఏళ్ల తరబడి స్లైడ్లు చూసిన మనిషి. చాలాసేపటికి తలెత్తి, "రండి సార్, చూడండి" అన్నాడు. ఎర్రకణానికి అడ్డంగా పట్టీలా పరుచుకున్న క్రిమి ఒకటి, చామంతి రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టున్నది ఇంకొకటి. ప్లాస్మోడియం మలేరియే. ఊళ్లో వాడిన కిట్ ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు రకాలనే పట్టేది. మూడోది దానికి కనపడదు. కిట్లు వచ్చాయని మైక్రోస్కోపు ముందు కూర్చునే మనుషుల్ని తగ్గించుకుంటే ఇలాంటి రోగులు ఎక్కడికి పోవాలి? ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ అలాంటి కళ్లు ఉండి తీరాలి.

వైద్యం మాత్రం సులువే. జాతీయ మార్గదర్శకాల ప్రకారం దీనికీ ఫాల్సిపారం వైద్యమే: మూడు రోజుల ఆర్టిసునేట్, మొదటి రోజు దానితోపాటు సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్. మందులు ఉచితం. వైవాక్స్, ఒవేల్ లాగా ఇది కాలేయంలో దాక్కోదు కాబట్టి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ అక్కర్లేదన్నారు. కానీ వదిలేస్తే రక్తంలో ఏళ్ల తరబడి నిలిచిపోగలదు, మూత్రపిండాలనీ దెబ్బతీయగలదు. అందుకే డాక్టరమ్మ కాళ్లవాపు నొక్కి చూసి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా రాశారు. అందులో తేడా ఏమీ రాలేదు.

వార్డులో చలి తగ్గి చెమట పట్టాక బావగారు ఫోన్ అడిగారు. జయపురం క్యాంపులో తనతోపాటు ఒకే రేకుల షెడ్డులో పడుకున్న కుర్రాళ్లందరి పేర్లూ మేస్త్రీకి వరసగా చెప్పి, "జ్వరం ఉన్నా లేకపోయినా వాళ్లకి స్లైడు తీయించు, కిట్‌తో సరిపెట్టొద్దు" అన్నారు.