ఓడకు రంగు వేసిన రోజు

బందరువాణ్ణని చెప్పగానే పైవూళ్లవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. లడ్డూ తెచ్చారా అన్నది మొదటిది. మీ వూరికి ఓడలు వస్తాయా అన్నది రెండోది. మొదటిదానికి సంచీ చూపించి తప్పించుకోవచ్చు. రెండోదానికి చరిత్ర విప్పాలి. 1611లో ఇంగ్లీషువాళ్లు మా వూళ్లో వర్తకస్థానం పెట్టుకున్నారు. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. అంతటి రేవులోనూ పెద్ద ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుని నిలబడితే సరుకంతా పడవలమీద చేరవలసిందే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి ముప్ఫైవేలమందిని పొట్టన పెట్టుకుంది. అంచేత మా వూరివాళ్లకు ఓడకన్నా ఉప్పెనే దగ్గర చుట్టం. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాక మాత్రం కాఫీ హోటళ్లలో మళ్లీ ఓడ మాట వినబడసాగింది.

నా మట్టుకు నేను గిలకలదిండిలో చేపల పడవలు తప్ప మరేమీ ఎక్కి ఎరగను. పాఠం చెప్పేటప్పుడు సంసారసాగరమనీ, అందులో నావ అనీ గంటలకొద్దీ మాట్లాడాను గాని, నిజమైన ఓడ మెట్టు మీద కాలు పెట్టింది నలభై దాటాకనే. అదీ మా మేనల్లుడి పుణ్యం.

వాడు సరుకు ఓడలో థర్డ్ ఆఫీసరు. మూడో ఆఫీసరంటే ఓడలో మూడోవాడు కాబోలుననుకుని మా అక్క వీధంతా చెప్పుకుంది. కెప్టెనూ, చీఫ్ ఆఫీసరూ, సెకండ్ ఆఫీసరూ పోగా వీడు నాలుగోవాడని తరవాత తెలిసింది. ఆ నాలుగోవాడి చేతిలోనే ఓడలో మనుషుల ప్రాణాలు కాపాడే సామాను అంతా ఉంటుందిట. లైఫ్ బోట్లూ, లైఫ్ జాకెట్లూ, నిప్పు ఆర్పే సరంజామా — వీటి యోగక్షేమాలు వాడివే.

క్రిందటేడు జవాబు పత్రాలు దిద్దడానికి విశాఖపట్నం వెళ్లాను. అదే వారం వాడి ఓడ అక్కడికి వచ్చింది. "మావయ్యా, కెప్టెనుగారిని అడిగి అనుమతి తీసుకున్నాను. ఆదివారం రా. కాని ఒక్క మాట, ఆరోజు మేం పరీక్షకు చదువుకుంటూ ఉంటాం" అని ఫోను చేశాడు.

పాసు చూపించి, నెత్తిన ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, ఊగే నిచ్చెన ఎక్కి పైకి చేరేసరికి గుప్పుమని రంగు వాసన కొట్టింది. ఒకడు కమ్మీలకు తెల్లరంగు వేస్తున్నాడు. ఇంకొకడు గొట్టాలకు ఎర్రరంగు వేస్తున్నాడు. పెళ్లివారిల్లు గుర్తుకొచ్చింది. నిజం చెప్పొద్దూ, అంతకన్నా ముందు మా కాలేజీ గుర్తుకొచ్చింది.

"ఎవర్రా పరీక్ష చేసేది?" అన్నాను.

"ఏ దేశపు రేవుకు వెడితే ఆ దేశంవాళ్లు. ముందుగా చెప్పి రారు. వచ్చే రేవులో రావచ్చు, రేపే ఇక్కడే రావచ్చు" అన్నాడు.

టీ తాగుతూ వాడు చెప్పిన కథ ఇది. ఓడ ఏ దేశం జెండా కట్టుకుంటే ఆ దేశమే దాని మంచిచెడ్డలు చూడాలన్నది పాత పద్ధతి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు దానిమీద రెండువేల రెండువందలమందికి పైగా ఉన్నారు. పడవల్లో చోటు 1178 మందికే. ఆ దెబ్బతో 1914లో దేశాలన్నీ కూడి ఒక ఒడంబడిక రాసుకున్నాయి. అది ఎన్నోసార్లు దిద్దుబాటయింది. నేటికీ అమలులో ఉన్నది 1974లో రాసినది. రాతకోతలు ఎన్ని ఉన్నా, చూడవలసినవాళ్లు చూడకపోతే ఏం లాభం? 1978లో అమోకో కాడిజ్ అనే నూనె ఓడ ఫ్రాన్సు తీరంలో రాళ్లకు తగిలి, రెండు లక్షల టన్నులకు పైగా నూనె సముద్రంపాలు చేసింది. అప్పుడు యూరపులో 14 దేశాలు 1982లో ఒక్క మాటమీదికి వచ్చాయి: జెండా ఎవరిదైనా సరే, మా రేవులోకి వచ్చిన ఓడను మేం తనిఖీ చేస్తాం, బాగులేకపోతే కదలనివ్వం అని. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలు 1998లో అటువంటి ఏర్పాటే చేసుకున్నాయి. అందులో మన దేశమూ ఉంది.

"కదలనివ్వకపోతే?"

"కంపెనీకి రోజుకింత నష్టం. మాకు తలవంపులు."

వాడి చేతిలో పద్దుల పుస్తకంలాంటిది ఒకటుంది. దాని ప్రకారం ఓడంతా తిరిగాం. లైఫ్ బోటులో మనిషికి మూడు లీటర్ల చొప్పున మంచినీళ్లు ఉన్నాయా? బోటు ఇంజను వారం వారం తిప్పుతున్నారా? బోటును దించే ఇనుపతాడు ఎన్నాళ్లదై ఉంది? నీళ్లగొట్టాలు చివికిపోలేదు కదా? ప్రతిదీ వాడు కంటితో చూసి ఊరుకోలేదు. తిప్పాడు, లాగాడు, వెలిగించాడు.

ఒకచోట ఆగి, "మావయ్యా, ఇప్పుడు దీపాలు పోతాయి. భయపడకు. 45 సెకన్లలో అత్యవసరపు జనరేటరు దానంతటది అందుకోవాలి" అన్నాడు. అంటూ ఉండగానే నడవా అంతా కటిక చీకటి అయింది. నేను గోడ పట్టుకుని లెక్కపెట్టాను. ఇరవై ఏడు అనేసరికి దీపాలు వచ్చాయి. ఇరవై ఏడు సెకన్లు పెద్ద కాలం కాదు. కాని ఆ చీకట్లో నాకు మా అమ్మమ్మ కనిపించింది.

అమ్మమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేనింకా పుట్టలేదు. ఆవిడ చెబితే విన్నదే. ఇంట్లో లాంతరు ఉంది. అందులో కిరసనాయిలూ ఉంది. అయితే వత్తి ఎన్నాళ్లనుంచో కాలి కాలి పొట్టిదైపోయి నూనెను అందుకోవడం మానేసింది. రోజూ చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉంది గనక లాంతరు ఉందనే అందరూ అనుకున్నారు. నీళ్లు ఇంట్లోకి వచ్చి చీకటి పడ్డాక ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు. ఆవిడ పట్టుకున్న చెయ్యి పక్కింటి పిల్లవాడిది. తన ఎనిమిదేళ్ల కొడుకుది కాదు. ఆ పక్కింటి పిల్లవాడు బతికి పెద్దవాడై, ఏటా సంక్రాంతికి వచ్చి ఆవిడ కాళ్లకు దండం పెట్టి వెళ్లేవాడు. ఆవిడ వాడికి అరిసెలు పెట్టి, వాడు వెళ్లాక కాసేపు పెరట్లో కూర్చునేది.

ఆ తరవాత ఆవిడ బతికినన్నాళ్లూ దసరా వెళ్లగానే లాంతరు దింపి, చిమ్నీ తుడిచి, వెలిగించి చూసేది. కరెంటు వచ్చిన తరవాత కూడా అంతే. "ఉందిగా అమ్మమ్మా" అంటే, "ఉండటం కాదురా, వెలగాలి" అనేది. మేము నవ్వుకునేవాళ్లం.

మళ్లీ ఓడ సంగతికి వస్తాను. తనిఖీకి వచ్చినవాడు ఆఫీసర్లను మాత్రమే అడగడుట. నడవాలో పోతున్న ఎవరినైనా ఆపి, గంట మోగితే నువ్వేం చేస్తావు, నీ బోటు ఎక్కడ అంటాడుట. ఏడు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వినబడితే ఎవరెక్కడికి పరుగెత్తాలో, ఏం పట్టుకోవాలో గోడమీద పట్టీ ఉంటుంది. వంటశాలలో సాయం చేసే కుర్రవాడు ఒకడు మనవాడే, సోంపేట వైపునుంచి వచ్చాడు. మావాడు ఇంగ్లీషులో ప్రశ్న వెయ్యగానే ఆ అబ్బాయి నిటారుగా నిలబడి గుక్క తిప్పుకోకుండా జవాబు అప్పజెప్పాడు. నా విద్యార్థులు అర్థం తెలియని పద్యం ఎల్లా అప్పజెబుతారో అచ్చం అల్లాగే. నేను మనసులో నూటికి నూరు వేశాను.

మావాడు వెయ్యలేదు. "బాగుంది. ఇప్పుడు చేసి చూపించు" అన్నాడు.

వంటశాలలో నిప్పు అంటుకుంటే, పొగగొట్టంలోంచి గాలి ఆడకుండా పైన ఉన్న మూతను మూసెయ్యాలి. దాన్ని డాంపరు అంటారు. ఆ పిడి తిప్పడం ఈ అబ్బాయి వంతు. అతను వెళ్లి పట్టుకున్నాడు. తిప్పాడు. రెండు చేతులా తిప్పాడు. మొహం ఎర్రబడింది గాని పిడి కదలలేదు.

"తిరగట్నేదు సార్" అన్నాడు.

మావాడు వంగి చూశాడు. తనిఖీ వస్తుందని రెండు రోజుల క్రిందట ఆ మూతకూ పిడికీ కలిపి దళసరిగా రంగు పూశారు. ఆరిన రంగు కీళ్లన్నిటినీ అతికించేసింది. ఓడలో అంత మెరుస్తున్న వస్తువు ఇంకొకటి లేదు. అది పనిచెయ్యదు.

గీకీ, నూనె పోసీ, సుత్తితో మెల్లిగా తట్టీ దాన్ని కదిలించడానికి గంట పట్టింది. ఆ తరవాత ఆ అబ్బాయిచేత పదిసార్లు మూయించి తెరిపించాడు. పదోసారికి అతని మొహంలో అప్పజెప్పేటప్పుడు లేని వెలుగు కనిపించింది. "ఇదేటో ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు నాతో, నేనేదో పెద్ద ఆఫీసరునైనట్టు.

భోజనాలైన తరవాత అసలు చిక్కు వచ్చింది. ప్రతి మనిషీ నెలకొకసారి బోటు డ్రిల్లులో, నిప్పు డ్రిల్లులో పాల్గొనాలి. మూడు నెలలకొకసారి బోటును నీళ్లలోకి దింపి నడపాలి. ఈ మూడు నెలల్లో సముద్రం పోటుగా ఉండి దింపడం పడలేదు. గడువు దాటిపోయింది. లాగ్ బుక్కులో ఒక్క వరస రాసేస్తే పోతుంది కదా అని చీఫ్ ఆఫీసరు సలహా. మావాడు రాయనన్నాడు. ఇద్దరూ ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా, చాలాసేపు వాదించుకున్నారు. నెలాఖరుకు ఆ పై అధికారే వీడి పనితనం గురించి కాగితం రాయవలసినవాడు. నేను కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండను అతి శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాను.

ఆయన వెళ్లాక, "ఒక్క వరసే కదరా" అన్నాను. అన్నవాణ్ణి నేనే.

"మావయ్యా, డ్రిల్లు జరగలేదనుకో. జరగలేదనీ, ఎందుకు జరగలేదనీ లాగులో రాయమని చట్టమే చెబుతోంది. చెయ్యలేదని రాయడానికి చోటుంటే చేశామని ఎందుకు రాయాలి? పైగా విశ్రాంతి పట్టీ ఒకటుంటుంది. మనిషికి రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు తగ్గకుండా విశ్రాంతి ఇవ్వాలి. డ్రిల్లు జరిగిందన్న గంటలో ఇటు పట్టీలో వీళ్లంతా నిద్రపోతూ ఉంటారు. తనిఖీవాడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు."

"దొరికిపోతామనా నీ భయం?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపు మూయకుండానే రేవు వదిలింది. మూయవలసినవాడు నిద్రపోతున్నాడు. మూసే ఉంటారని పైనున్నవాళ్లు అనుకున్నారు. 193 మంది పోయారు" అన్నాడు.

సంగతి కెప్టెనుగారి దాకా వెళ్లింది. ఆయన రెండు పక్షాలూ విని, జరగలేదని కారణంతోసహా రాయించి, రేవువారి అనుమతి తెప్పించి, ఆ సాయంకాలమే సముద్రం వైపు బోటు దింపించారు. బోటు దించడం ఆటకాదు. కొక్కెం సరిగా పడకపోతే డ్రిల్లులోనే మనుషులు పోతారుట. కొక్కేలు ఇద్దరు వేరువేరుగా చూశారు. సోంపేట అబ్బాయి లైఫ్ జాకెట్టు ముడి తానే వేసుకుని, పక్కవాడిది కూడా లాగి చూశాడు. బోటు నీళ్లు తాకింది. ఇంజను మొదట దగ్గి, తరవాత అందుకుంది. ఓడమీదివాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను గాని నా మనసు అక్కడ లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. అంతకు ముందు ఏడు మా కాలేజీకి తనిఖీ సంఘం వచ్చింది. తేదీ నెల ముందే తెలుసు. భద్రతా సంఘానికి నేను కార్యదర్శిని. ఏడాదిలో జరగవలసిన పన్నెండు సమావేశాలలో జరిగినవి రెండు. మిగిలిన పదింటినీ ఒక్క రాత్రి మా ఇంటి భోజనాల బల్లమీద కూర్చుని జరిపించాను. ఒకే రోజు రాసినట్టు కనబడకుండా మూడు కలాలు మార్చాను. తెలుగు ఎమ్.ఏ. చదివినవాణ్ణి గనక భాషకు లోటు లేదు. నిప్పు ఆర్పే డ్రిల్లులో విద్యార్థినీ విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారని కూడా రాశాను. సంఘంవారు పుట తిప్పి చాలా బాగుందన్నారు. ఆ మాటకు ఆనాడు నేను సంతోషించాను కూడా.

విశాఖపట్నంనుంచి వచ్చాక ఆ పుస్తకం తీశాను. పాత పుటలు చింపలేదు. చింపితే అది ఇంకొక అబద్ధమవుతుంది. ఆ నెల సమావేశం జరగలేదని, కార్యదర్శి అశ్రద్ధే కారణమని రాసి సంతకం చేశాను. మా అటెండరు చూసి, "ఇల్లా రాస్తే ఎల్లాగండీ" అని నాకోసం బెంగపడ్డాడు. ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లి వరండాలో గోడకు వేలాడే ఎర్ర సిలిండరు దింపించాను. దాని మేకు ఊడి చేతికి వచ్చింది. పిన్ను తుప్పు పట్టి కదలలేదు. గడువు దాటి నాలుగేళ్లయింది. ఆ వరండాలోంచి రోజూ కొన్ని వందలమంది పిల్లలు నడుస్తారు. ప్రిన్సిపాలుగారికి చూపిస్తే ఆయన ముందు చిరాకుపడ్డా, తరవాత కొత్తవి తెప్పించారు. ఇప్పుడు నెలకొకసారి పిల్లలచేతే వాటిని దింపిస్తున్నాను. బాగా అల్లరిచేసే కుర్రాళ్లే బాగా నేర్చుకున్నారు.

నెలన్నర తరవాత మేనల్లుడు ఫోను చేశాడు. తరవాతి రేవులోనే తనిఖీ జరిగిందిట. వచ్చినాయన ఆఫీసర్లనందరినీ దాటుకుని నేరుగా వంటశాలకు వెళ్లి సోంపేట అబ్బాయిని ఆపాడుట. ఆ అబ్బాయి ఇంగ్లీషంతా మరిచిపోయి, నోరు మెదపకుండా పరుగెత్తి డాంపరు మూసి వచ్చాడుట.

"అయితే పాసయినట్టేగా?" అని పక్కనుంచి మా అక్క.

"రెండు తప్పులు రాశారమ్మా. ఒక లైఫ్ బాయకు దీపం వెలగలేదు. అంతకు ముందు వారమే వెలిగించి చూశాను, ఏమయిందో!"

ఏ లైఫ్ బాయ అని అడిగాను. ఆ రోజు నేను పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నదేనట.