“బాగున్నానండి” అన్న మాట

మేము ఇంగ్లండులో ఒక చిన్న తెలుగు సంఘములో సేవ చేస్తున్నాము. మా సంఘములో ఒక సహోదరికి కీళ్లవాతము వలన రెండు చేతులూ వంకర తిరిగిపోయినవి. అక్కడ 2013 నుండి ‘పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్’ అనే సహాయమున్నది. దీర్ఘకాలపు జబ్బుతో రోజువారీ పనులు కష్టమైనవారికి ఇస్తారు. ఆమె దరఖాస్తు పెడితే, రాదన్నారు. మరల పరిశీలించమని వ్రాసినా అదే జవాబు.

ఇక మిగిలినది ట్రిబ్యునలు. ఆ రెండవ జవాబు తేదీ నుండి నెల లోపల అప్పీలు చేయాలి. ఫీజు లేదు. కాగితములు చూసి తేల్చమనవచ్చును, లేదా ఎదుట మాట్లాడుతామని కోరవచ్చును. ఆమె భయపడి కాగితములే చాలునన్నది. “నీ చేతులు కాగితములో కనబడవమ్మా” అని మేమే ఒప్పించాము.

కోర్టంటే బోను ఉంటుందనుకున్నాము. చూస్తే మామూలు గది, ఒక బల్ల. బల్ల కవతల ముగ్గురు: ఒక జడ్జి, ఒక డాక్టరు, వికలాంగుల కష్టములు ఎరిగిన మరొకరు. వారు సహాయము కాదన్న శాఖవారు కారు. మేము ముందుగా అడిగినందున, తెలుగు తర్జుమా చేయుటకు ఒకరిని వారే తమ ఖర్చుతో పిలిపించారు.

“వంట చేసుకోగలరా?” అని డాక్టరుగారు అడిగారు.

“చేసుకుంటానండి” అన్నది. మా గుండె జారిపోయింది. నోరు తెరువబోతే జడ్జిగారు, “ముందు ఆమెను చెప్పనివ్వండి” అన్నారు.

డాక్టరుగారు విసుగుకొనక, “ఆ నిర్ణయము జరిగిన నాటికి, మామూలు దినమున ఎలా వండేవారు?” అని మరల అడిగారు. అప్పుడు చెప్పింది. కూరలు భర్త తరిగిపెట్టి పనికి వెళ్లేవాడు. గిన్నె ఎత్తలేక ఒకసారి వేడినీళ్లు కాలిమీద పోసుకున్నది. వారములో నాలుగైదు దినములు బ్రెడ్డుతోనే గడిపేది.

చేయగలరా అన్నదొక్కటే కాదు, అపాయము లేకుండ, సరిగ్గా, అవసరమైనన్నిసార్లు, తగిన సమయములో చేయగలరా అని అక్కడి చట్టము చూస్తుంది. సగము కంటె ఎక్కువ దినములు ఎలా గడుస్తున్నదన్నదే లెక్క.

మమ్మును అరగంట బయట కూర్చోబెట్టి, లోనికి పిలిచి, అప్పీలు అంగీకరించామన్నారు. ఆమె ఏడ్చింది. మేము తల దించుకున్నాము. ఎందుకంటే మొదటి ఫారము నింపినది మేమే. స్నానమునకు భర్త సహాయము కావాలని ఆమె చెప్పినా, అలా వ్రాయుటకు సిగ్గుపడి ‘కొంచెము కష్టము’ అని వ్రాశాము. ఎవరడిగినా “బాగున్నాను” అనాలని సంఘములో నేర్పినదీ మేమే. మర్యాద కోసము దాచిన ఆ నిజము, ఆమెకు రావలసిన దానిని అన్ని నెలలు ఆపింది.

తరువాతి ఆదివారము, “ఎలా ఉన్నావమ్మా?” అని అడిగాము.

“ఈ రోజు చేతులు చాలా నొప్పిగా ఉన్నవి, అయ్యగారూ” అన్నది.

మేము కుర్చీ లాగుకొని ఆమె ప్రక్కన కూర్చున్నాము.