దారి ఏటిని వదిలేసే చోట

గోదావరి మొత్తం పొడవు 1,465 కిలోమీటర్లు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన ఏటిని వారం రోజుల్లో కారులో చుట్టేద్దామంటే మిగిలేవి టోల్ రసీదులే. అందుకే పోయినేడు మా బావా నేనూ కాగితం ముందు పెట్టుకోగానే మహారాష్ట్రను కొట్టేశాం. బాసర దగ్గర ఏటిని పట్టుకోవాలి, అంతర్వేది దగ్గర వదలాలి.

గొడవంతా ఎప్పుడు వెళ్లాలన్న దగ్గరే వచ్చింది. "గోదారికి వెళ్లి పులస తినకుండా రావడమేంట్రా?" అన్నాడు బావ. మాట నిజమే. కానీ పులస సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చేది జులై, సెప్టెంబరు మధ్య, ఎర్రనీరు దిగినప్పుడు. ఆ ఎర్రనీరే భద్రాచలం దిగువన రోడ్డెక్కుతుంది. భద్రాచలం వంతెన దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. అలాంటప్పుడు కూనవరం, చింతూరు వైపు వెళ్లేది కార్లు కాదు, పడవలు. పులసా రోడ్డూ రెండూ ఒకే వారంలో దొరకవు. డిసెంబరు మొదటి వారం ఖాయం చేశాను. బావ రెండు రోజులు ఫోనెత్తలేదు.

హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి బాసర. అక్షరాభ్యాసాల రద్దీ ఉంటుంది, పలకలు పట్టుకున్న పిల్లలు ఏడుస్తుంటారు. దర్శనమయ్యాక కందకుర్తి వెళ్లండి. మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. ఏటి మధ్య రాతి గుడి వానాకాలంలో మునిగి చలికాలంలో తేలుతుంది. అక్కడ టీ కొట్టాయన "ఏడికెల్లి వచ్చిన్రు?" అని అడిగాడు. ఆ యాసను గుర్తుపెట్టుకోండి. వారంలో అది ఎక్కడ మారుతుందో పట్టుకోవడమే ఈ ప్రయాణంలో సగం సరదా.

రాత్రికి నిర్మల్. మర్నాడు పొద్దున బొమ్మలు చేసే చోట గంట కూర్చున్నాం. పొనికి కర్ర చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. దాన్ని ముక్కలుగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి అతికిస్తారు. సీతాఫలం బొమ్మ కొన్నాం. ఇంటికొచ్చిన చుట్టాలు ఇప్పటికీ దాన్ని నొక్కి చూస్తారు. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, ధర్మపురిలో నరసింహస్వామి, పక్కనే యముడి గుడి, మంథని: ఇవన్నీ రెండో రోజు పని. ఎక్కువ ఆగకండి.

కాళేశ్వరంలో మాత్రం ఆగాలి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి అది. ఇక్కడే ప్రాణహిత వచ్చి కలుస్తుంది. అప్పటిదాకా డిసెంబరు గోదారిలో ఇసుకే ఎక్కువ, ప్రాణహిత కలిశాకే అది నది అనిపిస్తుంది. ఆ నీళ్ల కోసమే కొద్ది దూరం దిగువన మేడిగడ్డ బరాజ్ కట్టారు. 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయి. రాజకీయాలు కారులో మాట్లాడుకోవద్దని ముందే ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒప్పందం ఇక్కడ తప్పాం.

నాలుగో రోజు రామప్ప మీదుగా. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఏటి ఒడ్డున లేదు కానీ దాన్ని వదిలేసి వెళ్లడం పాపం. ఏటూరునాగారం దగ్గర వంతెన దాటి వాజేడు, వెంకటాపురం, చర్ల మీదుగా పర్ణశాలకు, అక్కణ్ణుంచి భద్రాచలానికి. ఇసుక లారీల వెనక దుమ్ము తింటూ నడపాలి. ఓపిక లేనివాళ్లకు మణుగూరు వైపు దారి ఉంది.

భద్రాచలం ఊరు తెలంగాణ. ఊరు దాటగానే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు మండలాలను అటు కలపడంతో వచ్చిన గీత ఇది. కూనవరంలో శబరి వచ్చి గోదారిలో కలుస్తుంది. ఇక్కడే కారు ఓడిపోతుంది. ఏరు పాపికొండల మధ్యకు వెళ్లిపోతుంది, దాని వెంట రోడ్డు లేదు. మనం శబరికి ఎదురెక్కి చింతూరు చేరి, మారేడుమిల్లి ఘాట్ దిగి రాజమండ్రి దగ్గర మళ్లీ దాన్ని అందుకోవాలి.

చాలామంది ఈ ముక్కను ఒక్క పూటలో దాటేస్తారు. నేనైతే ఏడు రోజుల్లో రెండు దీనికే ఇస్తాను. ఒక రోజు పోచవరం రేవు నుంచి లాంచీలో పాపికొండలు చూసి మళ్లీ భద్రాచలానికి. ఇంకో రోజు ఘాట్, మారేడుమిల్లిలో పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చిన చికెన్, చుక్క నూనె లేకుండా. లాంచీలో లైఫ్ జాకెట్ విప్పకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. పోలవరం నిండితే ఈ ఒడ్డు ఊళ్లు చాలా వరకు ఉండవు. పునరావాస కాలనీల్లో వాళ్లకు ఇళ్లు కడతారేమో గానీ ఏటిని కట్టివ్వరు.

ధవళేశ్వరంలో కాటన్ 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్నది దాని స్థానంలో వచ్చిన బరాజ్. దాన్ని దాటితే ఆత్రేయపురం. అరుగు మీద ఒకావిడ బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు మండిస్తోంది. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగింది. క్షణంలో పొర లేచింది, వెనకున్న వేళ్లు కనపడేంత పల్చన. "ఎక్కణ్ణుంచండీ?" అంది తలెత్తకుండానే. చెప్పాను. "ఆయ్" అంది. కందకుర్తిలో విన్న యాస ఎక్కడ మారిందో నాకు తెలియనే లేదు. డజను పూతరేకులు కట్టించుకుని బావ పులస మాట ఎత్తడం మానేశాడు.

ఏడో రోజు రాజోలు మీదుగా అంతర్వేది. సముద్రం చూశాక వచ్చిన దారినే తిరగకండి. సఖినేటిపల్లి రేవులో కారును పంటు ఎక్కించి వశిష్ఠ దాటితే అవతల నరసాపురం. బయల్దేరే ముందు పంటు నడుస్తోందో లేదో రేవులో కనుక్కోండి. చిల్లర దగ్గరుంచుకోండి.