అరిగిన బెల్టు

గోదావరి డెల్టాలో సార్వా దమ్ముల కాలం. కాలువ నీరు చేలోకి వచ్చింది. నారు ముదురుతోంది. నాట్లకు మర్నాడు వస్తామని కూలీలు మాట ఇచ్చారు. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి పవర్ టిల్లర్ కీచుమని అరిచింది. ఇంజను తిరుగుతూనే ఉంది. చక్రాలు మాత్రం బురదలో నిలిచిపోయాయి. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది.

మనవడు తొందరపడి బెల్టు మూత తీయబోయాడు.

"ముందు ఇంజను ఆపరా!" గట్టుమీది నుంచి తాత కేకవేశాడు. ఆయన కుడిచేతి చూపుడువేలికి కొన లేదు. వయసులో ఉన్నప్పుడు, తిరుగుతున్న బెల్టును సవరించబోయి పోగొట్టుకున్నాడు.

ఇంజను ఆగి, వేడి చల్లారాక మూత తీశారు. మూడు బెల్టులలో ఒకటి తెగింది. మిగిలిన రెండింటి పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఆరోగ్య లక్షణం కాదు. వి-బెల్టు బలం దాని అడుగున ఉండదు. పుల్లీ గాడి గోడలను ఒరుసుకునే ఏటవాలు పక్కలలో ఉంటుంది. అవి అరిగితే బెల్టు జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే మరింత పాడవుతుంది.

"తెగింది ఒకటేగా తాతా?"

"సాగిన పాతవాటి పక్కన కొత్తది వేస్తే బరువంతా దానిమీదే పడుతుందిరా. మూడూ మార్చాలి."

పాత బెల్టు మీది అంకె చూపించి, ఒకే కొలత గలవి మూడు తెచ్చాడు కుర్రవాడు. స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించబోతే తాత వారించాడు. అలా మీటితే పైకి కనబడకుండానే లోపలి దారాలు తెగుతాయి. ఇంజను బోల్టులు వదులుచేసి, దాన్ని క్లచ్ పుల్లీ వైపు జరిపారు. గాడులలోని చమురు తుడిచి, బెల్టులు చేత్తోనే ఎక్కించారు. ఇంజనును మళ్లీ ముందుకు జరిపి, రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో పురికొస పట్టి చూశారు. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు వంగింది. అంతకంటె బిగిస్తే బేరింగులకు చేటు. వదిలితే మళ్లీ జారుడే.

"కొత్తవి సాగుతాయి. కాసేపు దున్నాక మళ్లీ బిగువు చూడు," అన్నాడు తాత.

పొద్దు వాలేవేళకు దమ్ము సగం పూర్తయింది. కుర్రవాడు టిల్లరును గట్టు పక్కన నిలిపి ఇంజను ఆపాడు. పుల్లీ తిరగడం పూర్తిగా మానేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ తరవాతే మూత మీద చెయ్యి వేశాడు.

గట్టుమీద తాత ఈసారి కేకవేయలేదు.