మా ఇంటి గడపలో లినక్స్ పెట్టె

మా ఇంట్లో మనుషులం ఐదుగురం. నెట్‌కి తగిలించుకున్న వస్తువులు తొమ్మిది. బయటి లోకానికి మాత్రం అన్నిటికీ కలిపి చిరునామా ఒక్కటే. అదెలాగంటారా? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని గుర్తు తెచ్చుకోండి. ఉత్తరాలన్నీ అతని చేతికొస్తాయి, ఏది ఏ ఫ్లాటుదో చూసి పంచుతాడు. చాలా ఇళ్లలో ఈ పని నెట్ కుర్రాడు బిగించి వెళ్లే చిన్న డబ్బా చేస్తుంది. మా ఇంట్లో అటక మీంచి దించిన పాత కంప్యూటర్ చేస్తోంది.

అందులో లినక్స్ వేసి, రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టాను. ఒక వైరు మోడెమ్‌కి, ఇంకోటి ఇంటి వైఫైకి. 'ఐపీ ఫార్వర్డ్' అనే చోట ఉన్న సున్నాని 1 చేస్తే ఇటు వచ్చింది అటు పంపుతుంది. 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలకు బయటి చిరునామా తొడిగి పంపడాన్ని లినక్స్‌లో 'మాస్కరేడ్' అంటారు. అంటే మారువేషం! పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్నవి 429 కోట్ల చిరునామాలే. అందుకే ఈ పొదుపు.

ఇంత శ్రమ ఎందుకంటే, రాత్రి తొమ్మిది దాటితే మా వాడి ట్యాబ్‌కి నెట్ ఆగాలి. నేను అరవడం కంటే పెట్టె ఆపడం ఇంటికి శాంతి. (వాడు రెండు రోజులు అలిగాడు, అది వేరే సంగతి.)

ఏ సైటు తెరవాలన్నా ఫోను ముందు దాని పేరు చెప్పి చిరునామా అడుగుతుంది. ఆ అడగడం మా పెట్టెనే. ఏ ఫోను, ఎన్నింటికి, ఏ పేరు అడిగిందో లాగ్‌లో పడుతుంది. లోపల ఏం చదివారో తెలియదు కానీ, ఏ గుమ్మం తట్టారో తెలిసిపోతుంది.

ట్యాబ్ కోసం లాగ్ తెరిస్తే నాన్న ఫోను కనిపించింది. వరసగా మూడు రాత్రులు, రెండు గంటలు దాటాక, ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేరు. పగలు ఆయన మామూలుగానే పేపరు చదువుతూ, ఉప్మాలో ఉప్పు చాల్లేదంటున్నారు.

అడగాలంటే నేను చూశానని చెప్పాలి. ఆదివారం ఆయన్ని పెట్టె దగ్గర కూర్చోబెట్టి, అందులో ఏమేం పడతాయో చూపించాను. కళ్లజోడు సర్దుకుని తన ఫోను వరసల దగ్గర ఆగారు.

"అయితే నీకు తెలుసన్నమాట."

"పేరొక్కటే నాన్నా."

మెడ పక్కన చెయ్యి పెట్టి చూపించారు. శనగగింజంత గడ్డ. "మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. ముందు మనిద్దరం వెళ్లొద్దాం."

పరీక్షలు చేసి భయపడాల్సిందేమీ లేదన్నారు. తర్వాత అమ్మకి చెప్పాం. మూడు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు.

లాగ్ ఆపేశాను. ఆపానని ఇంట్లోవాళ్లు నా మాట నమ్మాల్సిందే కదా! అందుకే నాన్న ఫోన్లో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అనే సెట్టింగ్ చూపించాను. అది పెట్టుకుంటే ఆయన అడిగే పేర్లు మా పెట్టె లాగ్‌లో పడవు. ఆయన పెట్టుకున్నారు. మా వాడికి మాత్రం ఆ సెట్టింగ్ సంగతి ఇంకా చెప్పలేదు.