ఓడ ఆగిన ఒక్క పూట

పిల్లలూ! రైలు పెద్ద స్టేషనులో పది నిమిషాలు ఆగుతుంది. నాన్నగారు సీసా పట్టుకుని నీళ్ళకోసం దిగుతారు. ఆయన తిరిగి పెట్టె ఎక్కేదాకా పిల్లలకు గుండె దడదడలాడుతూనే ఉంటుంది. పది నిమిషాల సంగతే ఇలా ఉంటే, సముద్రం మీద వచ్చిన ఓడ పరాయి దేశంలో ఒక పూట ఆగినప్పుడు ఊరు చూడటానికి దిగినవాడి సంగతి ఏమిటి? రైలు తప్పితే వెనక ఇంకో రైలు వస్తుంది. ఓడ తప్పితే వెనక ఓడ రాదు.

అటువంటి పూట ఒకటి మాకు 2024 డిసెంబరులో దొరికింది. మా అబ్బాయి సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మనవడికి బడి సెలవులు. మా ఆవిడనూ, నన్నూ, మనవణ్ణీ అతను ఒక విహార నౌక ఎక్కించాడు. ఆ నౌక మలక్కా జలసంధిలో ఉత్తరంగా పోయి, పెనాంగు ద్వీపంలోని జార్జిటౌను రేవులో ఒక రోజు ఆగి, మళ్ళీ సింగపూరు చేరుతుంది.

రేవులో ఊరు చూడటానికి రెండు దారులు ఉన్నాయి. ఓడవారే బస్సులో తీసుకుపోయి చూపించడం ఒకటి. దానికి మనిషికి 70 సింగపూరు డాలర్లన్నారు. ముగ్గురికీ కలిపితే మన డబ్బులో 13,000 రూపాయల పైచిలుకు! ఎవరి దారిన వారు దిగి తిరిగి రావడం రెండోది. మొదటిదానిలో ఒక సుఖం ఉంది. ఓడవారి బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ కనిపెట్టుకుని ఉంటుంది. సొంతంగా దిగినవారి కోసం ఆగదు. అందుచేత సొంతంగా దిగేవాడు డబ్బు ఎంత మిగిలినా, కాలం లెక్క మాత్రం తానే చూసుకోవాలి.

ఆ లెక్క మా మనవడికి అప్పగించాను. వాడికి పన్నెండేళ్ళు. వాడి మనసంతా పెనాంగు కొండ మీద ఉంది. ఆ కొండ సుమారు 800 మీటర్ల ఎత్తు. దానిమీదికి ఇనుప తాడుతో లాగే రైలు 1923 నుంచీ నడుస్తున్నది. "తాతగారూ, కొండరైలు ఎక్కకుండా పెనాంగు చూశామంటే మా బడిలో అందరూ నవ్వుతారు" అన్నాడు.

"ఎక్కుదాం. ముందు లెక్క చెయ్యి. కాని మొదటినుంచి కాదు, చివరినుంచి చెయ్యి" అన్నాను.

వాడు కాగితం తీసుకుని కూర్చున్నాడు. ఓడ సాయంత్రం 5 గంటలకు కదులుతుంది. ప్రయాణికులంతా 4 గంటలకల్లా ఓడలో ఉండాలి. రేవు గేటు దగ్గర సోదాకూ, వరసలో నిలబడటానికీ అరగంట తీశాము. 3:30 అయింది. కాలు బెణికినా, వాన కురిసినా, దారి తప్పినా పనికివచ్చేటట్టు ఇంకో అరగంట దేవుడికి వదిలాము. 3 గంటలు. ఎంత దూరాన ఉన్నా రేవుకు నడిచి రావడానికి అరగంట. అంటే 2:30 కల్లా వెనక్కు తిరగాలి. మేము దిగేది ఉదయం 9:30కి. చేతిలో మిగిలింది 5 గంటలు.

"కొండ దగ్గరకు బస్సులో పోను గంట, రాను గంట. పైకెక్కి, చూచి, దిగటానికి గంట. భోజనానికి గంట. మొత్తం నాలుగు. ఇంకా గంట మిగిలింది!" అని వాడు ఎగిరి గంతేశాడు.

"కొండరైలు టిక్కెట్టు కోసం వరసలో ఎంతసేపు నిలబడాలి?" అని అడిగాను.

వాడు ఆలోచించాడు. సెలవు రోజులు. జనం ఎంత ఉంటారో ఎవరు చెప్పగలరు? అక్కడ ప్రశ్న గుర్తు వేశాడు. ఆ గుర్తు గంటకు లోపు అయితే సరే. గంట దాటితే? చాలాసేపు ఆ కాగితం వంకే చూచాడు. తరువాత కొండ అన్న మాట మీద తానే గీత కొట్టేశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను. విలువ తెలియని అంకె ఉన్న పనిని ఓడ ఆగిన రోజున పెట్టుకోకూడదని వాడికి ఎవరూ చెప్పనక్కరలేక పోయింది.

కొండ పోయింది గనక నడిచి చూడగలిగినవన్నీ మా వంతుకు వచ్చాయి. జార్జిటౌనులో ఓడలు ఆగే స్వెట్టెన్‌హామ్ రేవు పాతపేటను ఆనుకునే ఉంది. గేటు దాటి కాస్త నడిస్తే గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి ఏలుబడికి 1897లో అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా దానిని తలపెట్టారు. దాని ఎత్తు 60 అడుగులు. ఏడాదికి ఒక అడుగు! "ఆవిడ ఇంకో నలభై ఏళ్ళు ఏలి ఉంటే మన మెడలు పట్టేసేవి" అన్నది మా ఆవిడ. ఆ స్తంభం కొంచెం ఒరిగి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో దాపున బాంబులు పడి అలా అయింది.

పక్కనే కార్న్‌వాలిస్ కోట. ఈ పేరు చరిత్ర పుస్తకంలో చదివి ఉంటారు. బెంగాలులో గవర్నర్ జనరల్‌గా ఉన్న కార్న్‌వాలిస్ పేరే దానికి పెట్టారు. ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అనే కెప్టెను 1786లో ఇక్కడ దిగాడు. అప్పుడు ఇదంతా అడవి. చెట్లు కొట్టటానికి కూలీలు ఉత్సాహపడాలని అతను ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడని ఒక కథ చెబుతారు. లోపలికి పోవాలంటే టిక్కెట్టు ఉంది. మేము కోట గోడ వెంబడి సముద్రపు ఒడ్డున నడిచి, గాలి పీల్చుకుని ముందుకు పోయాము.

ఆ తరువాత ఒకే వీధి పొడుగునా మాకు నాలుగు మతాలవారి గుడులు కనబడ్డాయి. మొదట 1818లో కట్టిన సెయింట్ జార్జి చర్చి. కొంత దూరాన చీనావారి దయాదేవత గుడి. దాని ముందు అగరువత్తుల పొగ మేఘంలా లేస్తున్నది. ఇంకా కొంచెం ముందుకు పోతే పక్క వీధిలో మారియమ్మన్ కోవెల, 1833 నాటిది. చివర కాపితాన్ క్లింగ్ మసీదు. దాన్ని 1801లో దక్షిణ భారతదేశం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు స్థాపించారు. చర్చి నుంచి మసీదుకు ఎంత మెల్లగా నడిచినా పావుగంట చాలు. గుమ్మాల ముందు నిలబడి చూచినందుకు ఎవరూ పైసా అడగలేదు.

ఆ మసీదు పేరు విని నేను ఆగిపోయాను. మలై భాషలో దక్షిణాదివారిని పూర్వం 'కెలింగ్' అనేవారు. ఆ మాట మన కళింగం నుంచే వచ్చిందని చెబుతారు. మాది శ్రీకాకుళం జిల్లా. కళింగపట్నం రేవు మా జిల్లాలోదే. ఒకప్పుడు ఆ తీరం నుంచి ఓడలు తూర్పు దేశాలకు వెళ్ళాయి. తెల్లవారి కాలంలో మా ప్రాంతపు తెలుగువారు ఎందరో మలయా తోటల్లో కూలికి వెళ్ళారు. వారి సంతతివారు ఇప్పటికీ మలేసియాలో ఉన్నారు. అయితే పిల్లలూ, ఆ మాటతో ఇప్పుడు ఎవరినైనా పిలిస్తే వారు నొచ్చుకుంటారు. కాలక్రమాన అది తిట్టుగా మారింది. మసీదు పేరుగా చదవవచ్చు గాని, మనిషిని అలా పిలవరాదు.

మధ్యాహ్నం చిన్న ఇండియా అనే పేటలో అరిటాకు భోజనం చేశాము. అన్నం, రెండు కూరలు, రసం, అప్పడం. ముగ్గురికీ 33 రింగిట్లయింది. రింగిట్ అప్పట్లో మన 19 రూపాయలు. అంగళ్ళ మీది బోర్డులు చదవడం మా మనవడికి మంచి ఆట అయింది. మలై భాషను ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు గనక చదవడం తేలిక. గురు అంటే అక్కడ కూడా గురువే. బహాస అంటే భాష. భూమి అంటే భూమే. నామ అంటే పేరు. కెడై అంటే అంగడి, అది తమిళుల మాట. కృతజ్ఞత చెప్పడానికి 'తెరిమ కసిహ్' అంటారు. ప్రేమ స్వీకరించండి అని దాని అర్థం. భోజనం పెట్టినాయనతో మా మనవడు ఆ మాట అంటే, ఆయన నవ్వి వాడి ఆకులో ఇంకో అప్పడం వేశాడు.

బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. "తాతగారూ, పన్నెండింటికి నా నీడ పొడుగ్గానే ఉంది. ఇప్పుడేమో ఇంకా పొట్టి అయింది. ఎందుచేత?" అన్నాడు. మంచి ప్రశ్న. మన దేశంలో గడియారం సుమారు 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మలేసియా గడియారం 120 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. పెనాంగు ఉన్నది 100 డిగ్రీల దగ్గర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఇరవై డిగ్రీలకు 80 నిమిషాలు. అందుచేత అక్కడ సూర్యుడు నడినెత్తికి చేరువయ్యేది గడియారంలో ఒంటిగంట దాటాకనే. సూర్యుణ్ణి చూచి వేళ చెప్పే మా పల్లెటూరి అలవాటు అక్కడ పనికిరాదు. కొన్ని రేవుల్లో ఊరి గడియారం ఒకటి, ఓడ గడియారం ఒకటిగా కూడా ఉంటాయి. దిగేటప్పుడే ఓడ గడియారం చూసుకుని, చేతి గడియారాన్ని దానితో సరిపెట్టుకోవాలి.

ఆర్మీనియన్ వీధిలో గోడమీద సైకిలు తొక్కే పిల్లల బొమ్మ ఉంది. 2012లో ఒక విదేశీ చిత్రకారుడు వేశాడు. పిల్లలు గోడమీది రంగులు, సైకిలు మాత్రం నిజమైనది! అక్కడినుంచి సముద్రం వైపు నడిస్తే చీనావారి చ్యూ జెట్టీ వస్తుంది. నీటిలో గుంజలు పాతి, వాటిమీద బల్లలు పరిచి ఇళ్ళు కట్టుకున్నారు. చ్యూ అన్నది వారి ఇంటిపేరు. ఒక్కొక్క ఇంటిపేరు వారికి ఒక్కొక్క జెట్టీ. ఇళ్ళు నేలమీద లేవు గనక వారికి నేలపన్ను లేదని చెబుతారు. బల్లల సందుల్లోంచి కిందికి చూస్తే నీళ్ళు తళతళలాడుతున్నాయి.

"2:30!" అన్నాడు మా మనవడు గడియారం చూచి. జెట్టీ చివరిదాకా పోవడానికి ఇంకా పాతిక గజాలే ఉంది. వాడు ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు.

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. పాతపేటలో డబ్బు పుచ్చుకోని బస్సు ఒకటి తిరుగుతున్నది. కాని అది ఊరంతా చుట్టి వస్తుంది. అందుకని, ఎక్కకముందే 20 రింగిట్లని ధర తేల్చుకుని రిక్షా మాట్లాడాము. అక్కడి రిక్షాలో తొక్కే మనిషి వెనక, కూర్చునేవారు ముందు! నాయనమ్మ ఊరేగింపులో దేవతలా ముందు కూర్చుని పోతుంటే, మేమిద్దరం పక్కన నడిచాము. నిమ్మకాయ నీళ్ళకు 9, బొమ్మల కార్డులకు 6 కలుపుకుని ఆ రోజు మా ఖర్చు మొత్తం 68 రింగిట్లు. సుమారు 1,300 రూపాయలు. 3 గంటలకు గేటు దగ్గర, 3:20కి ఓడలో ఉన్నాము.

సాయంత్రం ఓడ పైఅంతస్తున నిలబడి చూస్తున్నాము. ఓడకూ రేవుకూ వేసిన వంతెన తీసేశారు. మోకులు విప్పుతున్నారు. అప్పుడు రేవులో ఇద్దరు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒకావిడ చెయ్యి ఊపుతున్నది. ఓడ కూత వేసి, మెల్లగా ఒడ్డును విడిచింది. మధ్య నీళ్ళు వెడల్పవుతూ వచ్చాయి. ఆ ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు.

"వాళ్ళు ఇప్పుడేం చేస్తారు?" అని మా మనవడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేవులో ఓడవారి ఏజెంటు ఉంటాడు. అతన్ని కలుసుకోవాలి. తరువాత సొంత ఖర్చుతో సింగపూరు చేరాలి" అని చెప్పి, నా జేబులోని కాగితం చూపించాను. దిగేటప్పుడు ఏజెంటు ఫోను నంబరు రాసుకుని, పాస్‌పోర్టు నకలుతో కలిపి దగ్గర ఉంచుకున్నాను. పెద్దలు ఈ రెండూ మరవకూడదు.

ఊరి వెనక కొండ కనబడుతున్నది. వాడు దానివంక చాలాసేపు చూచి, "కొండమీద మబ్బు పట్టింది. ఎక్కినా ఏమీ కనబడేది కాదు" అన్నాడు.

"అందని ద్రాక్షపళ్ళు!" అన్నది నాయనమ్మ. వాడు కూడా నవ్వేశాడు.

పిల్లలూ! ఓడ ఎక్కితేనే ఈ లెక్క చెయ్యాలని లేదు. ఒక ఆదివారం మీ ఊరి పటం ముందు పెట్టుకోండి. మీ బస్సు స్టాండులో ఎవరో పరదేశి దిగాడనుకోండి. అతని చేతిలో నాలుగు గంటలూ, వంద రూపాయలూ ఉన్నాయి. అతనికి మీ ఊరు చూపించాలి, తిరిగి బస్సు ఎక్కించాలి. చివరినుంచి లెక్క మొదలుపెట్టి, ఏవి చూపిస్తారో, వేటిమీద గీత కొడతారో కాగితం మీద రాయండి. తరువాత అమ్మనో నాన్ననో తోడు తీసుకుని ఆ దారిన నడవండి. మీరు రోజూ చూస్తూనే ఉన్న గుడి ఎప్పుడు కట్టారో, చెరువుకు ఆ పేరు ఎలా వచ్చిందో మీకే తెలియదని అప్పుడు బయటపడుతుంది. ఆ సంగతులు ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. వాళ్ళు చెప్పటానికి సిద్ధంగానే ఉంటారు, అడిగేవారు లేరు గాని.