చిల్లు లేని కుండీ

ఈమధ్య అమ్ముతున్న పింగాణీ కుండీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బంగారు అంచు ఉంటుంది, పూల నగిషీ ఉంటుంది, అడుగున చిల్లు మాత్రం ఉండదు. పోయి పోయి అందులోనే స్ట్రింగ్ ఆఫ్ పెరల్స్ నాటి అమ్ముతారు. పచ్చి బఠాణీలు దారానికి గుచ్చినట్టు వేలాడే ఆ తీగకు, నీళ్లు నిలిచిన మట్టిని మించిన శత్రువు లేదు.

దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతపు పొడి నేల. అక్కడ అది వేలాడదు. పొదల నీడన నేల మీద పాకుతూ, కణుపు మట్టికి తగిలిన చోటల్లా వేరు దించుకుంటూ పోతుంది. ఆకు గుండ్రంగా ఉంటే లోపల నీళ్లు ఎక్కువ పడతాయి, ఎండకు ఆరే పైభాగం తక్కువ. ఒక పూసను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. ఒక పక్కన నిలువుగా సన్నని చార కనిపిస్తుంది. వెలుతురు అందులోంచే ఆకు లోపలికి దిగుతుంది.

ఇంత పొదుపుగా బతికే మొక్కకు రోజూ చెంబెడు నీళ్లెందుకు? పూసలు కాస్త మెత్తబడ్డాక పోస్తే చాలు. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి లోతు కుండీ వద్దు. మట్టిలో సగం ముతక ఇసుక కలపాలి. కిటికీ దగ్గర, పిల్లలు పూసలు తెంపి నోట్లో పెట్టుకోకుండా ఎత్తున కట్టాలి. అవి తినేవి కావు.

ఎన్ని చేసినా చిల్లు లేకపోతే అంతా వృథా. డాల్డా డబ్బా ఖాళీ అయితే మా అమ్మమ్మ ముందు దాన్ని బోర్లించి మేకుతో చిల్లులు కొట్టేది. మట్టి కొట్టుకుపోకుండా లోపల కుండ పెంకు వేసేది. ఆ తర్వాతే మట్టి. పిట్టగోడ మీద వరసగా మరువం, దవనం, కనకాంబరం. డబ్బాల్లోంచి కారిన నీళ్లకు సున్నం గోడ మీద తుప్పు చారలు పడేవి. తాతయ్య విసుక్కుంటే, "గోడకు మళ్లీ సున్నం వేయించొచ్చు, మొక్క కుళ్లితే ఏం వేయిస్తారు?" అనేది. సాయంత్రం కనకాంబరాల మధ్య మరువం రెమ్మలు పెట్టి మాల కట్టేది. పూలు వాడిపోయినా జడలో మరువం వాసన తెల్లారేదాకా ఉండేది. ఆ వాసన తెలిసిన ఆడపిల్లలకు సెంటు సీసా ఆనేది కాదు.

కుండీ కొనేముందు తిరగేసి చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే టైల్స్‌కు వాడే బిట్‌తో, తడుపుకుంటూ నెమ్మదిగా చిల్లు వేయించండి. ఈ ఆదివారమే వేయించండి.